పాల లెక్క రాసుకోవడానికి చోటున్న అడవి క్యాలెండర్

2024 డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు, ఒక వరస చివరనున్న చిన్న స్టాల్‌లో 350 రూపాయలు పెట్టి 2025 గోడ క్యాలెండర్ ఒకటి కొన్నాను. ఆదివారాలు చెరువు గట్ల మీద తిరుగుతూ పక్షులను లెక్కపెట్టే ఒక చిన్న బృందం, తమ సభ్యులు తీసిన ఫోటోలతో దాన్ని అచ్చువేసి, ఖర్చులు పోను మిగిలిన డబ్బును చెరువుల పనికీ బడిపిల్లల ప్రకృతి నడకలకూ వాడుతుంది. ఇంటికి తెచ్చి చూశాక, ప్రదర్శన ముగిసేలోగా మళ్లీ వెళ్లి ఇంకొకటి తెచ్చుకున్నాను. ఒకటి బీరంగూడలోని మా వంటగదిలో, మరొకటి నేను జీవశాస్త్రం చెప్పే బడిలో తొమ్మిదో తరగతి గోడ మీద ఈ ఏడాదంతా వేలాడుతున్నాయి. నవంబరు పేజీ దాకా వచ్చేశాం. డిసెంబరులో మళ్లీ పుస్తక ప్రదర్శన పెడతారు కాబట్టి, కొనాలా వద్దా అని ఆలోచించేవారికి పనికొస్తుందని, పదకొండు నెలలు వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇలాంటి వాటిని నేను అంత తొందరగా నమ్మను. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ మా బడికి ఉచితంగా పంపిన క్యాలెండర్‌లో నల్లమల చిరుత అని ఒక పేజీ ఉండేది. బొమ్మ చాలా బాగుందని నేనే దాన్ని తరగతిలో తగిలించాను. ఒకరోజు పిల్లలకు మాంసాహార జంతువుల గురించి చెబుతూ దాని దగ్గరికి వెళ్లి ఒంటి మీది మచ్చలు చూపించబోయి ఆగిపోయాను. చిరుత ఒంటి మీది మచ్చలు వలయాల్లా ఉంటాయి, వలయం లోపల ఖాళీగా ఉంటుంది. ఆ బొమ్మలో ఒక్కొక్క వలయం లోపల చిన్న చిన్న నల్ల చుక్కలున్నాయి. తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా ఉన్నాయి. అది దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే జాగ్వార్. ఎవరో ఎక్కడినుంచో దింపుకున్న బొమ్మకు మన అడవి పేరు తగిలించేశారు, నేను కూడా చూసుకోకుండా గోడకు తగిలించేశాను. అడవిని కాపాడమని అడుగుతూ చూపించే బొమ్మే అబద్ధమని తేలితే, ఆ తర్వాత చూపించే నిజమైన బొమ్మను పిల్లలు ఎందుకు నమ్మాలి? అప్పటినుంచి ఏ వన్యప్రాణి ఫోటో చూసినా నా కళ్లు ముందు దాని కింద రాసిన మాటల మీదికి పోతాయి. ఈ క్యాలెండర్‌ను నేను మెచ్చుకోవడానికి మొదటి కారణం కూడా ఆ మాటలే.

వాటి సంగతికి వచ్చేముందు వస్తువు గురించి చెప్పాలి. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు, మందపాటి కాగితం, పైన తీగ చుట్టలతో కట్టే వైరో బైండింగ్. ఫోటో ఉన్న పైభాగానికి మాత్రమే మ్యాట్ వార్నిష్ వేసి, తేదీలున్న కింది భాగాన్ని వేయకుండా వదిలేశారు. చూడటానికి చిన్న విషయమే గానీ ఇంట్లో క్యాలెండర్ వాడేవాళ్లకు ఇది పెద్ద సదుపాయం, ఎందుకంటే నున్నటి కాగితం మీద బాల్‌పెన్ జారిపోతుంది, రాసినది చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. మా అమ్మకు క్యాలెండర్ అంటే ముందు పంచాంగం, తర్వాత పద్దు పుస్తకం. పాల ప్యాకెట్లు ఏ రోజు ఎన్ని తీసుకున్నదీ, గ్యాస్ బండ ఎప్పుడు మార్చినదీ, పనిమనిషి ఏ రోజుల్లో రానిదీ అన్నీ ఆ గళ్లలోనే ఉండాలి. ఈ క్యాలెండర్ గళ్లలో రెండు వరసలు రాసుకునేంత చోటుంది. ఫోటోను పెద్దది చేయాలనే ఆశతో తేదీలను చీమల బారులా కిందికి నెట్టేసే ఖరీదైన ప్రకృతి క్యాలెండర్లను నేను చాలానే చూశాను. అవి జనవరి దాటకుండానే అలమరలోకి వెళ్లిపోతాయి. ఇది వంటగదిలో నిలబడింది.

మొదటి రోజు అమ్మ దీన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేం క్యాలెండరు బిడ్డా, అన్నీ పిట్టలే ఉన్నయి, రాహుకాలం ఏడుంది?" అని అడిగింది. రాహుకాలం లేదు, వర్జ్యం లేదు. తిథి, నక్షత్రం, అమావాస్య, పౌర్ణమి, పండుగలు ఉన్నాయి. వాటితోపాటు కార్తెలు కూడా వేశారు. ఆ ఆలోచన ఎవరిదో గానీ వారికి చెయ్యెత్తి నమస్కారం పెట్టాలి. మన పెద్దలు వానను, ఎండను, పురుగును, పైరును కార్తెలతోనే గుర్తుపెట్టుకున్నారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, మృగశిర కార్తెలో ముంగిళ్లు చల్లబడతాయని అనుకునే ఇంట్లో, చాతకం జూన్ మొదటి వారాల్లో వస్తుందని చెబితే చెవికెక్కదు. మృగశిరకు చాతకం దిగుతుందని చెబితే ఇక మరిచిపోరు. జూన్ పేజీలో 8వ తేదీ గడిలో నాంపల్లి చేప ప్రసాదం గురించి అమ్మ గుర్తుగా రాసుకున్న మాట పక్కనే, చాతకం రాక అని సన్నని అక్షరాలతో అచ్చువేసి ఉంది.

ఆ జూన్ పేజీ మీది ఫోటో మాత్రం చాతకానిది కాదు, ఆరుద్ర పురుగుది. పన్నెండు పేజీల్లోనూ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తొలకరి పడిన మర్నాడు తడిసిన ఎర్రమట్టి, ఒక గడ్డిపోచ, దాని పక్కన చింతగింజంత కూడా లేని ఎర్రని మఖమల్ ముద్ద. ఫోటో తీసినవారు నేల మీద బోర్లా పడుకుని, కెమెరాను పురుగు ఎత్తుకు దించి తీశారని చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే వెనకనున్న మట్టి పెళ్లలు కొండల్లా కనిపిస్తున్నాయి. ఒంటి మీది నూగు వెంట్రుక వెంట్రుకగా కనబడుతుంది, ఒక కాలికి అంటుకున్న ఇసుక రేణువు కూడా కనబడుతుంది. బడి తెరిచిన వారంలో పిల్లలు దీని కాళ్లు లెక్కపెట్టారు. ఎనిమిది. అయితే ఇది పురుగు కాదు కదా టీచర్, సాలీడు జాతిది కదా అని వెనక బెంచీ పిల్లవాడు అడిగినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇది మంచాల్లోని నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అనే నల్లి జాతికి చెందిన జీవి. పిల్లగా ఉన్నప్పుడు ఆరు కాళ్లే ఉంటాయి, అప్పుడు ఇతర కీటకాల ఒంటిని పట్టుకుని బతుకుతుంది, పెద్దయ్యాక మట్టిలో ఉంటూ కీటకాల గుడ్లను తింటుంది. తొలి వానకు మాత్రమే గుంపులుగా పైకి వస్తుంది. అది పైకి రావడానికి మట్టి ఉండాలి. మేము బీరంగూడకు వచ్చిన కొత్తలో ఇంటి ముందు ఖాళీ జాగాలో ఏటా కనబడేవి; ఇప్పుడు ఆ జాగా అంతా సిమెంటు. క్యాలెండర్‌లో ఈ మాట ఎక్కడా ఉపదేశంగా రాయలేదు. ఫోటో కింద, తీసిన చోటు: చేవెళ్ల దగ్గర దున్నని చెలక, సమయం: ఉదయం 7 గంటలు, పురుగును కదపలేదు, చేత్తో తాకలేదు, అని మాత్రమే ఉంది.

పురుగును కదపలేదన్న మాటను అచ్చులో వేయడం చాలామందికి అతిగా అనిపించవచ్చు. నాకు అలా అనిపించలేదు. దాదాపు ప్రతి పేజీలోనూ ఇదే పద్ధతి: ఏ ప్రాంతం, ఏ నెల, సుమారు ఎంత దూరం నుంచి, ఎంత లెన్స్‌తో తీశారు, జంతువు స్వేచ్ఛగా ఉన్నదా, బంధించినదా, ఎర ఏమైనా వేశారా, శబ్దం చేసి పిలిచారా అన్నవి రెండు మూడు వాక్యాల్లో చెబుతారు. వన్యప్రాణి ఫోటోలలో మోసం ఎంత పైదాకా వెళ్లగలదో తెలిసినవారికి ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీలో 2009లో, చీకట్లో గేటు మీదుగా దూకుతున్న తోడేలు ఫోటోకు అత్యున్నత బహుమతి ఇచ్చారు. అది అడవిలోని తోడేలు కాదని, శిక్షణ పొందిన తోడేలు అయ్యేందుకే అవకాశం ఎక్కువని నిర్ణయించి, 2010 జనవరిలో ఆ బహుమతిని వెనక్కు తీసుకున్నారు.

మన నగరంలోనే ఈ ఏప్రిల్‌లో ఈ విషయం నా తరగతి గదిలోకి వచ్చింది. కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల భూమిలో యంత్రాలతో చెట్లు కొట్టేయడం మొదలయ్యాక, ఫోన్లలో బొమ్మలు వరదలా వచ్చాయి. విద్యార్థులు, చుట్టుపక్కల వాళ్లు తీసిన నిజమైన వీడియోలు అందులో ఉన్నాయి. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు నిలబడినట్టు కృత్రిమ మేధతో తయారుచేసిన బొమ్మలూ ఉన్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపమని ఆదేశించింది. కానీ ఆ తయారుచేసిన బొమ్మల వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, చర్చ కొంతకాలం చెట్ల మీదినుంచి బొమ్మల మీదికి మళ్లింది; నిజమైన జింకను కెమెరాలో చూపించినా ఇది కూడా తయారుచేసిందేనా అనే ప్రశ్న ఎదురైంది. ఆ వారం క్యాలెండర్‌లో ఉన్న పేజీ, మన దక్కను బండరాళ్ల మధ్య ఎండుగడ్డిలో నడుస్తున్న నక్షత్ర తాబేలుది. యాదృచ్ఛికమే. గచ్చిబౌలి వైపు బండలు కూడా అలాంటివే, 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. టీచర్, ఇది నిజమైనదేనా అని పిల్లలు అడిగితే, బొమ్మ కింది మాటలు చదివి చూడమన్నాను. అందులో నెల ఉంది, దూరం ఉంది, లెన్స్ ఉంది, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు తమ దగ్గర భద్రంగా ఉందని రాసి ఉంది. చోటు మాత్రం నగర శివారు అని ఊరుకున్నారు. ఎందుకు దాచారని పిల్లలు మళ్లీ అడిగారు. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే అదృష్టమని నమ్మి కొనేవాళ్లున్నారు, వాళ్ల కోసం పట్టి అమ్మేవాళ్లున్నారు, దేశాలు దాటించేవాళ్లున్నారు. అందుకే 2019లో దీన్ని అంతర్జాతీయ వాణిజ్యం పూర్తిగా నిషేధించిన జీవుల జాబితాలో చేర్చారు. నిజం చెప్పడం ఎంత అవసరమో, ఎక్కడ చెప్పకూడదో తెలియడం కూడా అంత అవసరమని ఆ ఒక్క పేజీతో గంటసేపు పాఠం నడిచింది.

ఫిబ్రవరి పేజీ చూసి మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఇదేం ఫోటో అన్నారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట కొండచరియ నిండుగా కనబడుతుంది. రాబందు ఎక్కడుందో వెతుక్కోవాలి. దొరికాక చూస్తే బొటనవేలి గోరంత ఉంటుంది, చరియ మీద తెల్లని రెట్ట చారల పక్కన. గూళ్లు పెట్టే కాలం కనుక ఏటి ఇవతలి నుంచి తీశామని, ఇంతకన్నా దగ్గరికి వెళ్లలేదని కింద రాశారు. అమ్మకానికి పెట్టిన వస్తువులో ఇంత చిన్న పక్షిని వేయడానికి ధైర్యం కావాలి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి చంపేసింది. దేశంలో పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు 1992–2007 మధ్య దాదాపు 97 శాతం తగ్గిపోయాయి. 2006లో పశువుల వాడకానికి ఆ మందును నిషేధించారు. అలా మిగిలిన కొద్దిపాటి పక్షుల్లో ఒకటి గూడు వదిలి లేచిపోతే, కాసేపట్లో గుడ్డు ఎండకు ఎండుతుంది, లేదా మరేదైనా ఎత్తుకుపోతుంది. కాబట్టి ఆ గోరంత పక్షే సరైన ఫోటో. దగ్గరగా తీసిన రాబందు ముఖం కన్నా, ఆ కొండ ఎంత పెద్దదో, ఆ పక్షి ఎంత ఒంటరిదో ఇందులోనే బాగా తెలుస్తుంది.

మే నెల పేజీ అందంగా లేదు, అందంగా ఉండాల్సిన పని కూడా లేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ పెట్టిన కెమెరా ట్రాప్, అంటే జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫోటో తీసే కెమెరా, రాత్రిపూట తీసిన నలుపు తెలుపు ఫోటో అది. పులి పక్కటెముకల మీది చారలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, తల సగం చట్రం బయటికి పోయింది, కింద తేదీ, గంట ఉన్నాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడివైపు, ఎడమవైపు చారలు కూడా వేరువేరుగా ఉంటాయి కనుక బాటకు రెండు పక్కలా కెమెరాలు పెడతారు. 2022లో దేశంలోని పులుల సంఖ్యను సగటున 3,682గా అంచనా వేయడానికి ప్రధాన ఆధారం ఇలాంటి ఫోటోలే.

ఈ పేజీ దగ్గర నేను ఎక్కువసేపు నిలబడటానికి మరో కారణం ఉంది. మన హైదరాబాద్ రాజ్యంలో పులి మొదట కెమెరాకు చిక్కింది చచ్చాకనే. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ వేట విడిదులను, నేల మీద పరిచిన పులులను ఫోటోలు తీశాడు. 1902లో నెక్కొండ దగ్గర వేటాడిన పులితో అప్పటి వైస్రాయ్ లార్డ్ కర్జన్ దంపతులు దిగిన ఫోటో ఇప్పటికీ చాలామంది చూసే ఉంటారు. 1920లలో ఉత్తరాది అడవుల్లో ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి, బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలితే దానంతటదే ఫోటో పడే ఏర్పాటు చేసి, బతికున్న పులిని రాత్రిపూట చూపించాడు. నేటి కెమెరా ట్రాప్ చేసేదీ అలాంటి పనే. తుపాకీ పట్టుకున్న మనిషి పక్కన నిలబడాల్సిన అవసరం లేకుండా పులి ఒంటరిగా ఫోటోలో నడవడం మొదలైంది అక్కడినుంచే. అమ్రాబాద్ పులి తల సగం తెగిపోయినా నాకు అందుకే నచ్చింది.

జనవరి కృష్ణజింక, మార్చి మోదుగపూలు, ఆగస్టు మంజీర మొసలి బాగున్నాయి, అంతే. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకను ఎవరు తీసినా ఇలాగే వస్తుంది. మోదుగ పేజీని హోళీ నెలలో పెట్టడం మాత్రం ముచ్చటగా ఉంది.

అక్టోబరు పేజీ గురించి వివరంగా చెప్పాలి. ఈ ఏడాది దసరా గాంధీ జయంతి నాడే, అక్టోబరు 2న వచ్చింది. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం, పైగా అది తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని కొందరు ముందురోజుల్లో పిట్టలను వల వేసి పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో పెట్టి గుడుల దగ్గర డబ్బులకు చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. క్యాలెండర్‌లోని పిట్ట చేను గట్టు మీదుగా పోయే కరెంటు తీగ నుంచి కిందికి దూకుతోంది. రెక్కలు పూర్తిగా విచ్చుకుని, లేత నీలం, ముదురు నీలం పట్టీలు రెండూ కనిపిస్తున్నాయి. నిజానికి ఆ నీలం రంగు ఈకల్లో రంగు పదార్థం వల్ల వచ్చేది కాదు, ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద వెలుగు పడి చెదిరినప్పుడు పుట్టేది. నాలుగు సిరాల అచ్చులో ఆ మెరుపు పూర్తిగా రాదు. చాలా ప్రెస్సుల్లో అలాంటప్పుడు సయాన్ అనే నీలం సిరా పెంచి పిట్టను ప్లాస్టిక్ బొమ్మలా మెరిపిస్తారు. వీళ్లు ఆ పని చేయలేదు. నీలం కాస్త మందగించినా పక్షి పక్షిలాగే ఉంది. కింద, డబ్బిచ్చి చూడవద్దని, తీగల మీద, బోడి చెట్ల మీద, చేల గట్ల మీద పొద్దున్నే వెతకమని, చేవెళ్ల, శంకర్‌పల్లి రోడ్ల వెంట సులువుగా కనిపిస్తుందని రాశారు.

అది చదివి ఈసారి అమ్మే బయలుదేరదీసింది. పండగ నాడు పొద్దున ఆరున్నరకు స్కూటీ మీద శంకర్‌పల్లి వైపు వెళ్లాం. మొదటి గంటలో కాకులు, గోరింకలు, ఒక లకుముకి పిట్ట తప్ప ఏమీ కనబడలేదు. తిరిగి వస్తుంటే ఒక జొన్న చేను పక్కన తీగ మీద మట్టి రంగు ముద్దలా కూర్చున్నదాన్ని అమ్మ పిట్టే కాదంది. మరుక్షణం అది కిందికి దూకి రెక్క విప్పింది, మిడతను పట్టుకుని మళ్లీ తీగ మీదికి వచ్చింది. మిడతను తీగకేసి రెండుసార్లు కొట్టి మింగింది. "కూసున్నప్పుడు గీ రంగులన్నీ యాడ దాస్కున్నదే!" అని అమ్మ స్కూటీ దిగకుండానే రెండు చేతులూ జోడించింది.

ఇక లోపాలు. మొదటిది సెప్టెంబరు పేజీ అచ్చు. కీసర వైపు చీకటి పడే వేళ తీసిన గుడ్లగూబ ఫోటోలో నీడలన్నీ నల్లగా ముద్దకట్టిపోయాయి. నా దగ్గరున్న రెండు ప్రతుల్లోనూ అంతే కనుక ఇది ఒక్క కాగితం తప్పు కాదు, ప్రూఫ్ దగ్గరే చూసుకోవాల్సింది. రెండోది పేర్లు. లకుముకి, చాతకం, రాబందు అని చక్కగా రాసినవారు, నేపథ్యంలో కనబడే కొంగను మాత్రం ఎగ్రెట్ అని, గోరింకను మైనా అని ఎందుకు రాశారో అర్థం కాలేదు. తెలుగులో పేరు లేని పక్షులకు ఇంగ్లీషు పేరు వాడితే తప్పు పట్టను, పేరున్న పక్షికి పేరు పోగొట్టకూడదు.

మూడోది ఇంకా ముఖ్యమైనది. కొన్ని పేజీల మూల క్యూఆర్ కోడ్ ఇచ్చారు. ఫోన్‌తో చూస్తే ఆ పక్షి కూత వినిపిస్తుంది. తరగతి గదిలో ఇది ఎంతో పనికొచ్చింది. కానీ అదే కూతను చెరువు దగ్గర, అడవిలో వినిపిస్తే, తన హద్దులోకి మరో పక్షి వచ్చిందనుకుని అసలు పక్షి మేత మానేసి, గూడు వదిలేసి వెతుక్కుంటూ వస్తుంది. దగ్గరగా ఫోటో తీయడానికి చాలామంది చేసే పని అదే. తమ ఫోటోలకు కూత వినిపించి పిలవలేదని దాదాపు ప్రతి పేజీలో రాసుకున్న బృందం, ఆ కూతను కొన్నవాళ్ల ఫోన్లలో పెడుతూ బయట వాడవద్దని ఒక్క వాక్యం రాయకపోవడం పెద్ద పొరపాటు.

నాలుగోది ఇప్పుడు గోడ మీదున్న నవంబరు పేజీ. అమీన్‌పూర్ చెరువు మీద ఫ్లెమింగోల గుంపు మొత్తం గాల్లోకి లేచిన ఫోటో. గులాబీ, నలుపు రెక్కలు ఆకాశమంతా. చూసినవాళ్లందరూ అన్నిటికన్నా ఇదే బాగుందన్నారు. ఆ చెరువు మా ఇంటికి దగ్గర. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలం ఆదివారాల్లో కెమెరాలతో వచ్చినవాళ్లలో కొందరు, తల నీళ్లలో తలకిందులుగా ముంచి మేస్తున్న ఫ్లెమింగోలను ఎగిరిస్తేనే ఫోటో బాగుంటుందని గట్టు దిగి నీళ్లలోకి నడవడం, చప్పట్లు కొట్టడం, ఒకసారి రాయి విసరడం కూడా నేను కళ్లారా చూశాను. ఈ ఫోటో అలా తీసిందని నేను అనడం లేదు. గద్ద వచ్చినా అవి అలాగే లేస్తాయి. కానీ మిగిలిన పదకొండు పేజీల్లో ఇంత జాగ్రత్తగా చెప్పినవారు, ఈ పేజీలో లెన్స్, నెల మాత్రం చెప్పి, గుంపు ఎందుకు లేచిందో చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల వచ్చే చలికాలం ఇంకెవరైనా ఈ ఫోటో కోసమే గట్టు దిగుతారేమోనని నా బాధ.

చివరి పేజీ వెనక జమాఖర్చులు అచ్చువేశారు. అంతకుముందు ఏడాది అమ్మకాల మీద మిగిలిన డబ్బు ఎంత, అందులో చెరువు గట్టు మీద చెత్త తీయించడానికి, సూచిక బోర్డులకు, పిల్లల బస్సు కిరాయిలకు ఎంతెంత ఖర్చయిందో పద్దుల వారీగా ఉంది. ఎన్ని ప్రతులు అచ్చువేశారో, ఎన్ని అమ్ముడుపోయాయో మాత్రం లేదు. ఫోటోలు ఇచ్చినవారికి పారితోషికం ఇవ్వలేదని, వారే వద్దన్నారని రాశారు. బతుకుదెరువుకు ఫోటోలు తీసే కుర్రవాళ్లు కూడా ఇందులోకి రావాలంటే, కొద్దిగానైనా డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టి క్యాలెండర్ ధర ఒక యాభై రూపాయలు పెంచినా నాలాంటివాళ్లు కొంటారు.

గోడకు అందమైన పులి, అందమైన సూర్యాస్తమయం కావాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. వారు ఫిబ్రవరి, మే పేజీలు ఒకసారి చూసి కొనడం మంచిది. చిన్నపిల్లలున్న ఇళ్లకు, బడులకు, ముఖ్యంగా తెలుగు మాధ్యమం బడులకు మాత్రం నేను సందేహం లేకుండా కొనమంటాను. ధర ఉచితంగా వచ్చే క్యాలెండర్లతో పోలిస్తే ఎక్కువే. స్టాల్‌లో కొంటే పాత దినపత్రికలో చుట్టి ఇస్తారు, పోస్టులో తెప్పించుకుంటే అట్ట గొట్టంలో వస్తుంది, ప్లాస్టిక్ ఎక్కడా లేదు. నాకు తెలిసిన ఒకరికి పోస్టులో వచ్చిన ప్రతి ఒక మూల నలిగింది, మారుస్తామన్నారు, మార్చారు.

గుడ్లగూబ అచ్చు, పేర్లు, కూతలు, ఫ్లెమింగోలు, ఈ నాలుగు విషయాల మీదా నేను బృందానికి ఉత్తరం రాశాను. రాహుకాలం సంగతి మాత్రం తానే స్వయంగా అడుగుతానంటోంది అమ్మ. అందుకని ఈ డిసెంబరులో పుస్తక ప్రదర్శనకు తనను కూడా వెంట తీసుకెళ్లాలి.